పన్నెండు మందిమి, ఒకటే వంటిల్లు, పనమ్మాయి రాదు: మీ ఇళ్ళల్లో పనులు ఎలా పంచుకుంటున్నారు? (మామిడికాయల సంగతి కూడా ఉంది)

నల్లకుంట_చిన్నకోడలు | 2020 మే 9, రాత్రి 11:40

అందరికీ నమస్తే. పోస్టు పెద్దదవుతుంది, ముందే చెప్తున్నా. మేడ మీద కూర్చుని టైప్ చేస్తున్నా, ఇక్కడ కూడా నలుగురు పడుకుని ఉన్నారు కాబట్టి ఫోన్ వెలుతురు బాగా తగ్గించి.

మాది నల్లకుంటలో పాత ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు, వంటిల్లు మాత్రం ఒకటే. అత్తయ్య, మామయ్య, మామయ్య వాళ్ళ అక్క (మేమంతా పెద్దత్తయ్య అంటాం), బావగారు, అక్కయ్య, వాళ్ళ పిల్లలిద్దరు, మేమిద్దరం, మా ఆరేళ్ళవాడు. పదిమందిమి. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది దాటితే ముగ్గురు పెద్దవాళ్ళు తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు, అందుకే పదిమంది ఉన్నట్టే తెలిసేది కాదు. మా ఆడపడుచు విజయవాడ నుంచి పాపని తీసుకుని మార్చి 20న వచ్చింది, స్కూళ్ళు ఎలాగూ మూసేశారు, ఉగాది చేసుకుని వెళ్తానని. 22న జనతా కర్ఫ్యూ, 25న ఉగాది, అదే రోజు నుంచి కరోనాకి దేశమంతా లాక్‌డౌన్. అంతే, ఇద్దరూ ఇక్కడే. ఇప్పుడు రాష్ట్రం దాటడానికి పాసులు ఇస్తున్నారట. వెళ్తానని తను అనట్లేదు, వెళ్ళమని మేమూ అనట్లేదు, అక్కడ అన్నయ్యగారు మాత్రం రోజూ ఫోన్ చేసి పప్పులో నీళ్ళు ఎన్ని పోయాలని అడుగుతున్నారు.

ఇప్పుడు అసలు విషయం. పనమ్మాయిని మార్చి నుంచి రావద్దన్నాం, జీతం ఇస్తున్నాం, అందులో గొడవ లేదు. కానీ పన్నెండు మందికి రోజుకి రెండు కేజీల బియ్యం, నాలుగు లీటర్ల పాలు. టీ ఎన్నిసార్లో లెక్క పెట్టడం మానేశా. దోసెలైతే మనిషికి మూడు వేసుకున్నా ముప్పై ఆరు, చివరివాళ్ళు తినేసరికి మొదట తిన్నవాళ్ళు "భోజనంలోకి ఏంటి" అంటారు. పాల ప్యాకెట్లు సర్ఫు నీళ్ళలో కడగాలి, కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాలి, బయటి నుంచి వచ్చిన సంచులు ఎండలో పెట్టాలి. ఇవన్నీ ఎవరు చేస్తున్నారు? అక్కయ్య, ఆడపడుచు, నేను. అత్తయ్యకి మోకాళ్ళు. నాకు ఆఫీసు కూడా ఉంది, బియ్యం డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టుకుని కాల్‌లో మాట్లాడుతుంటే వెనక కుక్కర్ విజిల్, మా మేనేజర్ "ఇవాళ ఏం పప్పు" అని అడుగుతాడు.

మగవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఏదైనా చెప్పు చేస్తాం అంటారు. చెప్తే చేస్తారు కూడా. కేసీఆర్ గారు ప్రెస్‌మీట్‌లో బత్తాయిలు తినండి, విటమిన్ సి అన్నారని మామయ్య బండి దగ్గర ఐదు కేజీలు తీసుకున్నారు, జ్యూస్ ఆరోగ్యానికి మంచిదని అందరికీ చెప్పారు, ఆ ఐదు కేజీలూ పిండింది మాత్రం నేనూ అక్కయ్యా. పదో తరగతి చదివే బావగారి అబ్బాయి మార్చిలో మూడు పేపర్లు రాశాడు, మిగతావి ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు, కాబట్టి వాడు చదువుకుంటున్నాడు, వాడికి పని చెప్పకూడదు. యాభై రోజులుగా ఒకటే ఫిజిక్స్ పుస్తకం, ఒకటే పేజీ.

ఇంతలో మామిడికాయలు. ప్రతి ఏడాదీ రైతుబజార్లో కొని అక్కడే ముక్కలు కొట్టించుకుని తెస్తాం. ఈసారి ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి వెళ్ళొద్దన్నారు కదా, ఈ ఏడాదికి వద్దులెండి అని నేనన్నా. ఆవకాయ లేని ఇల్లు ఉంటుందా అని అత్తయ్య. మొన్న వీధిలోకి బండి వస్తే మామయ్య నలభై కాయలు తీసేసుకున్నారు. కొట్టేవాడు లేడు. మా కత్తిపీట టెంక దగ్గర ఆగిపోతోంది. కాయలు మంచం కింద గోనె మీద ఉన్నాయి, ఇవాళ్టికి మూడో రోజు, రెండు మూడు అప్పుడే రంగు తిరిగాయి.

ఎక్కువమంది ఉన్న ఇళ్ళవాళ్ళు చెప్పండి, మీరు పనులు ఎలా పంచుకుంటున్నారు? గొడవ పడకుండా అయ్యే పనేనా ఇది? కాయల్ని ఏం చేయను?

---

అక్క_ఇంట్లో_అతిథి | మే 10, పొద్దున 8:15

అక్కా, నేను అవతలి వైపు వాణ్ణి. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాణ్ణి, లాక్‌డౌన్ పెట్టగానే ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్లో పాస్ ఇస్తున్నారంటే అందరితో పాటు లైన్లో నిలబడి తీసుకున్నా, గుంటూరు వెళ్దామని. ఈలోగా ఆంధ్రా బోర్డర్లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన జనాన్ని టీవీలో చూసి భయమేసి, బండి తిప్పి రామంతాపూర్లో మా అక్క వాళ్ళింటికి వచ్చేశా. రెండు రోజులే అని చెప్పా. నెలన్నర అయింది. అక్క, బావ, బావ వాళ్ళ అమ్మానాన్న, బావ తమ్ముడి కుటుంబం, మొత్తం తొమ్మిది మంది, పదోవాణ్ణి నేను.

మొదటి పది రోజులు నేను కూడా "ఏదైనా చెప్పక్కా చేస్తా" బ్యాచే. ఒకరోజు అక్క చెప్పింది, "నీకు చెప్పడం కూడా నాకు ఒక పనేరా, ఉల్లిపాయలు ఎక్కడున్నాయో చెప్పాలి, ఎన్ని తరగాలో చెప్పాలి, తరిగాక తొక్కలు తియ్యమని చెప్పాలి, ఆ టైములో నేనే తరిగేసుకుంటా." కోపంగా కూడా అనలేదు, అలిసిపోయి అంది. నాకు ఆ రోజు అన్నం దిగలేదు.

తర్వాత నుంచి పొద్దున టిఫిన్ మొత్తం నాది. సాయం కాదు, మొత్తం. పప్పు నానబోయడం, రుబ్బడం, పిండి పులిసిందా లేదా చూసుకోవడం, పచ్చడి, చివర్న పొయ్యి గట్టు తుడవడం దాకా. మొదటి వారం ఇడ్లీలు రాళ్ళు. బావ ఒకటి గోడకేసి కొట్టి చూపించాడు. అక్కకి నేను ఒకటే చెప్పా, తొమ్మిదిన్నర దాకా వంటింట్లోకి రావద్దు, వచ్చి చూస్తే నువ్వే చేసేస్తావని. మీవాళ్ళకి పనులు చెప్పకండి అక్కా, ఒక పూట ఇచ్చేసి బయటికి వచ్చేయండి. పాడైతే పాడవనీండి.

మామిడికాయల గురించి నాకు తెలీదు, తినడమే.

---

ఉప్పల్_బాబాయ్ | మే 10, పొద్దున 10:02

అందరూ మగవాళ్ళ మీద పడితే ఎలా? మాది కూడా పదకొండు మంది ఇల్లు. బియ్యం బస్తా ఎవరు మోస్తున్నారు, గ్యాస్ బండ ఎవరు పైకి ఎక్కిస్తున్నారు, మందుల షాపు ముందు గీసిన గళ్ళల్లో ఎండలో గంట నిలబడి మా నాన్నగారి షుగర్ మాత్రలు ఎవరు తెస్తున్నారు? బయటికి వెళ్ళొచ్చాక మమ్మల్ని గుమ్మంలోనే ఆపి బట్టలు మార్పించి, బకెట్ నీళ్ళు పోయించి, అంటరానివాళ్ళలాగా చూస్తున్నారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పని మాది. లోపల కూర్చుని చేసే పనికి బయటి పనికి పోలిక లేదు. మూడు కిలోమీటర్ల రూలుకి ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం.

---

నల్లకుంట_చిన్నకోడలు | మే 10, పొద్దున 10:40

బాబాయ్ గారూ, మీరు చెప్పింది అబద్ధం కాదు. మావారు కూడా మందులకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ రెండు రోజులు గొంతు పట్టుకుని చూసుకుంటూ తిరుగుతారు. కానీ మీ బస్తా నెలకి ఒకసారి. దోసెలు రోజూ. ఇంకోటి, మీరు తిరిగి వచ్చాక ఆ బకెట్ నీళ్ళు పెట్టింది, విప్పిన బట్టలు డెటాల్ నీళ్ళలో ఉతికింది ఎవరో కూడా రాయండి.

అతిథి తమ్ముడూ, "నీకు చెప్పడం కూడా ఒక పని" అన్న ముక్క అక్కయ్యకి చదివి వినిపించా. గరిటె పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడింది.

---

సైనిక్‌పురి_సిస్టర్ | మే 10, పొద్దున 11:05

బాబాయ్ గారూ, 6వ తారీకున వైన్ షాపులు తెరిచిన రోజు మా వీధి చివర లైన్లో మూడు గంటలు నిలబడిన వీరులు కూడా కుటుంబం కోసమే ప్రాణాలకి తెగించారంటారా? 😄 పదహారు శాతం ధర పెరిగినా వెనక్కి తగ్గలేదు పాపం.

---

చిక్కడపల్లి_బామ్మ | మే 10, మధ్యాహ్నం 3:30

(బామ్మ చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా, నేను మనవరాలిని. మధ్యలో నా మాటలు ఏమీ కలపట్లేదు, కలిపితే చదివి వినిపించమంటుంది.)

అమ్మాయ్, ముందు కాయల సంగతి చూడు, మొగుళ్ళ సంగతి తర్వాత, కాయలు ఆగవు. కొట్టేవాడు లేకపోతే ఆవకాయ పెట్టకు. టెంక లేకుండా పెట్టిన ఆవకాయ ముక్క నాలుగు నెలల్లో మెత్తబడి గుజ్జైపోతుంది, మీ అత్తగారు దాన్ని చూసినప్పుడల్లా నిన్నే అంటుంది. మాగాయ పెట్టు. మాగాయకి టెంకతో పని లేదు. చెక్కు తీసి, టెంక చుట్టూ పలచగా ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసి మూత పెట్టు. మూడో రోజుకి ఊట దిగుతుంది. ముక్కల్ని గట్టిగా పిండి మేడ మీద గుడ్డ పరిచి ఎండబెట్టు, ఊటని వేరే పళ్ళెంలో పోసి దాన్నీ ఎండలో పెట్టు. ఈ ఎండలకి రెండు రోజులు చాలు. ముక్క వంగాలి, విరక్కూడదు. మళ్ళీ ఆ ఊటలోనే వేసి కారం, వేయించి కొట్టిన మెంతిపొడి కలిపి, నూనెలో ఇంగువ పోపు పెట్టి, పోపు పూర్తిగా చల్లారాక పొయ్యి. వేడి మీద పోశావా, అంతే సంగతులు. రంగు తిరిగిన కాయలు దీంట్లో కలపకు, పప్పులోకి వాడుకో. అత్తగారికి ఒక్క పూట ఆవకాయ రుచి కావాలంటే ఒక కాయ చిన్న ముక్కలు తరిగి, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె కలిపి ఇయ్యి. వారం ఉంటుంది.

దీంట్లో ఇంకో సుఖం ఉంది. చెక్కు తీయడం, తరగడం కూర్చుని చేసే పని. ఎవరైనా చేయొచ్చు. మీ మామగారి చేతికి పీలర్ ఇచ్చి టీవీ ముందు కూర్చోబెట్టు. ఆ పదో తరగతి వాడిని కూడా, పుస్తకం ఒళ్ళో పెట్టుకునే తియ్యమను.

ఇప్పుడు పనుల సంగతి. మా కాలంలో ఉమ్మడి కుటుంబాలు ఎంత బాగుండేవో అని టీవీలో చెప్తున్నారు ఈమధ్య, వింటే నవ్వొస్తుంది. నేను కాపరానికి వచ్చిన ఇంట్లో పద్దెనిమిది మంది. బొగ్గుల కుంపటి ఒకటి, కిరసనాయిలు స్టవ్ ఒకటి. మా అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని ఎవరికి ఎంత వడ్డించాలో కళ్ళతో చెప్పేది. మొగవాళ్ళు, పిల్లలు, తర్వాత మేము నలుగురు కోడళ్ళం. కూర ఉండేది కాదు. గిన్నెలో అన్నం కలుపుకుని ఆ గిన్నెకి అంటిన కూరతోనే తినేవాళ్ళం. దాన్ని సుఖం అనుకున్నాం, ఎందుకంటే అది ఒక్కటే నలుగురం కూర్చునే సమయం. గొడవలు లేవంటారు. గొడవ పడే తీరిక ఏదీ?

అందుకని నువ్వు గొడవ పడు. మెల్లగా పడు, భోజనాలయ్యాక పడు, కానీ పడు.

---

మెహిదీపట్నం_ఛోటీ_బహూ | మే 10, రాత్రి 9:50

మాది నల్గొండ, పెళ్ళయ్యి మెహిదీపట్నం వచ్చా, ఇంట్లో పద్నాలుగు మందిమి. రంజాన్ నడుస్తోంది కదా, ఇవాళ పదహారో రోజా. మీకు కష్టంగా ఉన్నది మాకు ఈ నెలలో కొంచెం అలవాటే, ఎందుకంటే రంజాన్‌లో వంటింటి టైమే మారిపోతుంది. తెల్లవారుజామున నాలుగుంపావు లోపల సహరీ (రోజా మొదలయ్యే ముందు తినే తిండి) అయిపోవాలి, సాయంత్రం ఆరూ నలభైకి ఇఫ్తార్. మధ్యలో పెద్దవాళ్ళకి పొయ్యి వెలిగించే పని లేదు. పిల్లలు, మా అమ్మీ (ఆమెకి షుగర్, డాక్టర్ రోజా ఉండొద్దన్నారు) తింటారు, వాళ్ళకి పొద్దున్నే వండి పెట్టేస్తాం.

ఏటా మగవాళ్ళు తరావీ నమాజుకి మసీదుకి పోయేవాళ్ళు, వచ్చేటప్పటికి పదిన్నర, ఆ గంటన్నర మాకు గిన్నెలు తోమడానికి సరిపోయేది. ఈసారి మసీదుకి పోయేది లేదు, ఇంట్లోనే హాల్లో జమాత్ నిలబడుతున్నారు. అందరూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మా భాభీ ఒక రూలు పెట్టింది, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ (కింద పరిచి భోజనం పెట్టుకునే గుడ్డ) ఎత్తేది, గిన్నెలు తోమేది మగవాళ్ళే, అది అయ్యాకే నమాజుకి నిలబడాలి. మా ఆయన ఫస్ట్ రోజు గ్లాసులు కడిగి ప్లేట్లు వదిలేసిండు. భాభీ ఏమీ అనలే. సహరీకి ఆ ప్లేట్లలోనే పెట్టింది. రెండో రోజు నుంచి అన్నీ కడుగుతున్నరు.

ఇంకోటి చెప్పాలి. ఈసారి హైదరాబాద్‌లో ఎక్కడా హలీం బట్టీలు పెట్టలేదు, మీకు తెలిసే ఉంటది. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టిన్రు. పోయిన ఆదివారం ఇంట్లోనే చేశాం, రాత్రి గోధుమలు నానబెట్టి, పొద్దున మటన్‌తో కలిపి ఉడికించి. ఉడకడం కాదు కష్టం, దంచడం. బయట బట్టీ దగ్గర ఇద్దరు నిలబడి గోటాతో కొడతరు కదా, మా ఇంట్లో ఏమో పప్పుగుత్తి ఉంది. మా మరుదులు ముగ్గురు వంతులేసుకుని రెండున్నర గంటలు కొట్టిన్రు, బొబ్బలు వచ్చినయ్. తిన్నాక పెద్దోడు అన్నాడు, భాభీ, వచ్చే సంవత్సరం రేటు ఎంత చెప్పినా బేరం చెయ్య అని.

---

ఉప్పల్_బాబాయ్ | మే 11, పొద్దున 7:20

ఛోటీ బహూ గారూ, ఆ సహరీ ప్లేట్ల సంగతి మా ఆవిడకి చూపించకుండా ఉండాల్సింది, చూపించేశా. చిన్నకోడలు గారూ, బట్టలు ఉతికేది మా ఆవిడే, రాశాను, సరేనా. నిన్నటి నుంచి నా బట్టలు నేనే నానబెడుతున్నా. ఉతకడం ఇంకా మొదలుపెట్టలేదు.

---

నల్లకుంట_చిన్నకోడలు | మే 17, మధ్యాహ్నం 4:10

వారం అయింది, ఏం జరిగిందో చెప్పండని ముగ్గురు మెసేజ్ పెట్టారు కాబట్టి రాస్తున్నా.

11న భోజనాలయ్యాక గొడవ పడ్డా. బామ్మగారు మెల్లగా పడమన్నారు, నేను మెల్లగానే మొదలుపెట్టా, ఏడుపొచ్చింది, అది లెక్కలో లేదు. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రేపు పొద్దున దోసెలు నేను వేస్తా" అన్నారు. అత్తయ్య మొహం చూడాలి, పెద్దకొడుకు పొయ్యి దగ్గర నిలబడితే లోకం ఏమనుకుంటుంది అని, లోకం అంతా ఇళ్ళల్లో తలుపులేసుకుని ఉన్న రోజుల్లో. అప్పుడు పెద్దత్తయ్య, రోజంతా ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, "నాన్న పోయినప్పుడు నెల్లాళ్ళు మీ ఆయనే కదటే వండాడు, నీకు తెలీదు, నువ్వింకా కాపరానికి రాలేదు" అంది అత్తయ్యతో. మామయ్య టీవీ సౌండ్ పెంచేశారు. ఆయనకి వంట వచ్చని ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరికీ తెలీదు!

ఇప్పుడు టిఫిన్ బావగారిది, మొత్తం, పిండి రుబ్బడంతో సహా. ఉప్పు ఎక్కువవుతోంది, ఎవరూ ఏమీ అనట్లేదు. రాత్రి గిన్నెలు మావారివి, నీళ్ళు కూడా, నల్లా మాకు రోజు విడిచి రోజు, అది వచ్చే టైముకి మోటర్ వేయడం, సంపు చూసుకోవడం. అత్తయ్య రెండు రోజులు బావగారి దోసెలు తినకుండా పెరుగన్నం తిన్నారు. మూడో రోజు తిన్నారు. అన్నీ సర్దుకున్నాయని మాత్రం అనను. మధ్యాహ్నం వంట ఇంకా మా ముగ్గురిదే, మావారు తోమిన గిన్నెల్లో సగం నేను పొద్దున్నే లేచి, ఎవరూ చూడకుండా, మళ్ళీ తోముతున్నా. చూస్తే నువ్వే చేసేస్తావని అతిథి తమ్ముడు చెప్పాడు, తెలుసు, ఆగలేకపోతున్నా.

కాయల్లో ఆరు పప్పులోకి పోయాయి, మిగతావి మాగాయ. మామయ్య, పదో తరగతి వాడు, మా వాడు, ఆడపడుచు కూతురు వరండాలో వరసగా కూర్చుని చెక్కు తీశారు, మావాడు ఒక కాయని తీసి తీసి టెంక దాకా తీసేశాడు. 14న ఎండబెట్టాం. మొన్న సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచి దుమ్ము, నాలుగు చినుకులు. ఎవరు అరిచారో తెలీదు, "ముక్కలు!" అని, పన్నెండు మందిలో పదకొండు మందిమి మేడ ఎక్కాం, పెద్దత్తయ్య ఒక్కరే కింద. గుడ్డ నాలుగు కొసలు నలుగురు పట్టుకుంటే ఊట పళ్ళెం బావగారు పట్టుకుని మెట్లు దిగారు, ఒక్క చుక్క ఒలకలేదు. ఫిజిక్స్ పుస్తకం మాత్రం పిట్టగోడ మీద తడిసిపోయింది. వాడు పెద్దగా బాధపడినట్టు కనబడలేదు.

బామ్మగారూ, ఇవాళ పొద్దున పోపు పోశాం, చల్లారాకే. కారం ఎంత వేయాలో మీరు చెప్పలేదు, అత్తయ్య వేశారు, నన్ను పక్కకి జరగమన్నారు.

నల్లా వచ్చినట్టుంది, మోటర్ చప్పుడు వినబడట్లేదు, మావారు నిద్రపోతున్నారు. లేపాలా నేనే వెళ్ళాలా అని ఆలోచిస్తున్నా.

---

అక్క_ఇంట్లో_అతిథి | మే 17, మధ్యాహ్నం 4:14

లేపండి అక్కా.